మైలేజీ ముఖ్యమా, నడిపే ఆనందం ముఖ్యమా: కారు కొనే ముందు రెండింటినీ తూచుకోవడం ఎలా

వరంగల్ పరిసరాల్లో ఒక ఇంటి వాకిట్లోకి కొత్త కారు వచ్చిందంటే, చూడవచ్చిన వాళ్లలో సగం మంది అడిగే మొదటి మాట “ఎంతిస్తది?” అన్నదే. పెట్రోలు లీటరు ధర 107 రూపాయల చుట్టూ ఉన్నప్పుడు ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి ఒక్క అంకెతో జవాబు చెప్పి ఊరుకుంటే, ఎనిమిది పదేళ్లు మన చేతిలో ఉండబోయే బండి గురించి అడగవలసిన రెండో ప్రశ్న, అంటే దాన్ని నడుపుతున్నప్పుడు మనకు హాయిగా ఉంటుందా లేదా అన్నది, అడగకుండానే మిగిలిపోతుంది. దుబారా మనిషి అనుకుంటారేమోనని షోరూములో ఆ మాట పైకి అనడానికి చాలామంది మొహమాటపడతారు. నిజానికి నడపడంలోని సంతోషానికి అయ్యే ఖర్చును నెలకు ఇన్ని రూపాయలని కాగితం మీద రాసి చూసుకోవచ్చు. కొందరికి అది వాళ్లు భయపడినంత ఉండదు. కొందరికి మాత్రం ఊహించిన దానికంటే చాలా ఎక్కువ ఉంటుంది. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకునే పద్ధతిని వరుసగా వివరిస్తాను.

మొదటి పని: మీ తిరుగుడు లెక్క రాయండి

ఇప్పుడు కారు ఉంటే నెల మొదటి తేదీన మీటరు అంకెను ఫోనులో ఫొటో తీసి పెట్టుకుని, నెలాఖరున మళ్లీ తీయండి. కారు లేకపోతే బైకు మీద, బస్సులో మీరు చేసే ప్రయాణాల్లో కారుకు మారేవి ఏవో రాసుకోండి. పండుగకు ఊరికి పోవడం, పెళ్లిళ్లు, రెండేళ్లకోసారి మేడారం జాతర వంటివి ఏడాది మొత్తం లెక్కలో కలుపుకోవాలి గాని నెలవారీ లెక్కలో కలిపితే అంకె తప్పుతుంది. చాలామంది తమ తిరుగుడును ఎక్కువగా ఊహించుకుంటారు. నయీంనగర్‌లో ఇల్లు, వరంగల్ చౌరస్తా దగ్గర దుకాణం ఉన్న వ్యాపారి నెలంతా తిరిగినా 350 కిలోమీటర్లకు మించకపోవచ్చు. హనుమకొండ నుంచి రోజూ నర్సంపేట దాకా వెళ్లి వచ్చే ఉపాధ్యాయురాలికి అదే నెలలో 2,000 కిలోమీటర్లు సులువుగా అవుతాయి. ఈ ఇద్దరికీ ఒకే కారును సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి.

ఆ మొత్తాన్ని మూడు భాగాలుగా విడదీయండి. ఒకటి, కాజీపేట బ్రిడ్జి, హనుమకొండ చౌరస్తా, స్టేషన్ రోడ్డు వంటి చోట్ల క్లచ్ మీద కాలు తీయకుండా సాగే ఊరి తిరుగుడు. రెండు, 163వ జాతీయ రహదారి మీద జనగామ, భువనగిరి మీదుగా హైదరాబాద్ వెళ్లే నాలుగు వరుసల ప్రయాణం. మూడు, పరకాల నుంచి భూపాలపల్లి వైపు, ములుగు దాటాక తాడ్వాయి అడవిలోంచి ఏటూరునాగారం వైపు వెళ్లే రెండు వరుసల రోడ్లు. ఈ మూడింటిలో మైలేజీ వేరువేరుగా ఉంటుంది, నడపడంలోని ఆనందం కూడా వేరువేరుగా ఉంటుంది. తరువాత చేసే ప్రతి లెక్కా ఈ విభజన మీదే ఆధారపడుతుంది కనుక దీన్ని తొందరపడి దాటేయకండి.

రెండో పని: కంపెనీ మైలేజీని మీ రోడ్డు మైలేజీగా మార్చుకోండి

కంపెనీ ప్రకటించే మైలేజీ ప్రయోగశాలలో రోలర్ల మీద, మన దేశానికి నిర్ణయించిన ఒక డ్రైవింగ్ క్రమం ప్రకారం కారును నడిపి కొలిచింది. ఆ క్రమంలో వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు, ఏసీ ఆపి ఉంటుంది. మే నెలలో 44 డిగ్రీల ఎండలో ఏసీ పెంచి, నలుగురిని ఎక్కించుకుని, హైదరాబాద్ రోడ్డు మీద 100 వేగంతో వెళ్లే మీ ప్రయాణానికి ఆ అంకె వర్తించదు. గాలి కారును వెనక్కి నెట్టే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే 80 నుంచి 100కు వేగం పెంచితే గాలి ఎదురుబలం ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. ఎత్తైన ఎస్‌యూవీలు హైవే మీద చిన్న కార్ల కంటే ఎక్కువ తాగడానికి బరువుతో పాటు ఇదీ ఒక కారణం.

ఇంధనం కూడా మారింది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపి అమ్ముతున్నారు. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలులో కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించి, పది శాతం మిశ్రమానికి సర్దిన కార్లలో ఈ 20 శాతం పెట్రోలు వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే అంచనా వేసింది. కాబట్టి మీ బావగారు 2018లో కొన్న కారు అప్పట్లో ఇచ్చిన మైలేజీని ఇప్పటి లెక్కలోకి తేకండి.

సరైన అంకె కావాలంటే, మీరు కొనదలచిన ఇంజనూ అదే గేరుబాక్సూ ఉన్న కారును నడుపుతున్న ఇద్దరు ముగ్గురిని వెతికి, ఫుల్ ట్యాంక్ లెక్క చేసి చెప్పమని అడగండి. బంకులో నాజిల్ తనంతట తాను ఆగేదాకా పోయించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో మళ్లీ అలాగే ఆగేదాకా పోయించాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేదే నమ్మదగిన మైలేజీ. డాష్‌బోర్డు తెర మీద కనిపించే సగటు కొన్ని కార్లలో ఎక్కువే చూపిస్తుంది. అడగడానికి ఎవరూ దొరకనప్పుడు నేను కంపెనీ అంకెలో ఊరికి మూడో వంతు, 80–90 వేగంతో సాగే హైవేకు ఆరో వంతు తగ్గించి లెక్క వేసుకుంటాను. అది అంచనా మాత్రమే, అయినా షోరూము మాట కంటే దగ్గరగా ఉంటుంది.

మూడో పని: కిలోమీటర్లు పక్కన పెట్టి లీటర్లలో ఆలోచించండి

ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. లీటరుకు 15 ఇచ్చే కారుకూ 20 ఇచ్చే కారుకూ తేడా ఐదు. 20కీ 25కీ తేడా కూడా ఐదే. రెండు చోట్లా ఒకే ఆదా అనిపిస్తుంది, కాని కాదు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగేవారికి 15 ఇచ్చే కారు 800 లీటర్లు, 20 ఇచ్చేది 600 లీటర్లు, 25 ఇచ్చేది 480 లీటర్లు తాగుతుంది. మొదటి తేడా 200 లీటర్లు, అంటే లీటరు 107 లెక్కన 21,400 రూపాయలు. రెండోది 120 లీటర్లు, అంటే 12,840 రూపాయలు. మరో సంగతి చూడండి: లీటరుకు 10 ఇచ్చే బండికి బదులు 12 ఇచ్చే బండి తీసుకుంటే మిగిలేది కూడా సరిగ్గా 200 లీటర్లే. పెద్ద బండి కొనేవారు రెండు కిలోమీటర్ల తేడాను తేలిగ్గా తీసిపారేయకూడదు. ఇప్పటికే 20 దాటిన చిన్న కార్లలో ఒకటి రెండు కిలోమీటర్ల కోసం మనసుకు నచ్చిన కారును వదులుకోనక్కరలేదు.

ఇప్పుడు మీ ఏడాది తిరుగుడును ఒక్కో కారు అసలు మైలేజీతో భాగించి, లీటరు ధరతో గుణించి, పన్నెండుతో భాగించండి. 15, 20 అంకెలతోనే చూస్తే, నయీంనగర్ వ్యాపారికి ఈ రెండు కార్ల మధ్య తేడా నెలకు 620 రూపాయల చుట్టూ ఉంటుంది. నర్సంపేట ఉపాధ్యాయురాలికి అదే తేడా నెలకు 3,560 రూపాయలు దాటుతుంది. తక్కువ తాగే కారును పక్కనపెట్టి నచ్చిన కారు తీసుకుంటే వాళ్లు చెల్లించే ధర అదే. వ్యాపారి ఆ ఆరు వందలు సంతోషంగా ఇవ్వవచ్చని నా అభిప్రాయం. ఉపాధ్యాయురాలు మాత్రం ఆ మూడున్నర వేలకు తనకు ఏం దక్కుతుందో గట్టిగా అడగాలి. అయితే ఆమె రోజూ రెండు గంటలకు పైగా స్టీరింగు ముందే గడుపుతుంది కనుక, ఆ సౌఖ్యానికి ఆమె దగ్గర ఉన్న విలువ కూడా ఎక్కువే.

నాలుగో పని: మీకు ఆనందం ఇచ్చేది ఏమిటో తేల్చుకోండి

నడిపే ఆనందం అంటే అతివేగం అనుకోవడం వల్ల చాలామంది వృథాగా డబ్బు పెడుతున్నారు. 2018లో కేంద్రం నిర్ణయించిన పరిమితుల ప్రకారం కార్లకు నాలుగు వరుసల రహదారి మీద గంటకు 100, రెండు వరుసల మామూలు రోడ్ల మీద 70 కిలోమీటర్లు గరిష్ఠం. అందువల్ల 100 లోపు వేగంలో ఏ కారు మనకు ఉత్సాహం ఇస్తుందో అదే మన ప్రాంతానికి తగిన కారు.

పరకాల దాటాక భూపాలపల్లి వైపు వెళ్తున్నారనుకోండి. ముందు నిండా బరువుతో ఒక లారీ 40 వేగంతో పోతూ ఉంటుంది, దాని వెనుక మీరు మూడో గేరులో ఉంటారు. ఎదురుగా రోడ్డు ఖాళీ అయిన ఆ కొద్ది సెకన్లలో యాక్సిలరేటరు తొక్కగానే కారు ముందుకు లాగుతుందా, లేక రెండో గేరుకు దించి ఇంజను అరిచాక కదులుతుందా అన్నదానిలోనే నడిపేవాడి సంతోషమూ కారులోని వాళ్ల భద్రతా రెండూ ఉన్నాయి. మనవాళ్లు పికప్ అనే ఈ గుణం గరిష్ఠ శక్తి అంకెలో కనిపించదు. ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు (ఆర్‌పీఎం) తక్కువగా ఉన్నప్పుడు తిప్పే బలం (టార్క్) ఎంత దొరుకుతుందో చూడాలి. మారుతి ఫ్రాంక్స్ ఇందుకు మంచి ఉదాహరణ. దానిలోని 1.2 లీటర్ల మామూలు ఇంజను 113 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 4,400 ఆర్‌పీఎం వద్ద ఇస్తుంది, గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే 1.0 లీటరు టర్బో ఇంజను 147.6 న్యూటన్ మీటర్లను 2,000 నుంచే ఇస్తుంది. మాన్యువల్ గేరుతో కంపెనీ ప్రకటించిన మైలేజీలు మొదటిదానికి 21.79, రెండోదానికి 21.5. కాగితం మీద తేడా దాదాపు లేదు. ఊళ్లో బరువైన కాలితో నడిపితే టర్బో ఎక్కువ తాగుతుంది, నిదానంగా నడిపేవారికి మాత్రం ఆ తేడా స్వల్పమే. ఆనందానికి ప్రతిసారీ మైలేజీ బలి కానక్కరలేదని చెప్పడానికే ఇంత వివరం ఇచ్చాను.

అందరి ఆనందమూ పికప్‌లోనే ఉండదు. కొందరికి స్టీరింగు చేతికి బరువుగా, నమ్మకంగా అనిపించడం ముఖ్యం. కొందరికి హైదరాబాద్ దాకా వెళ్లి దిగినా నడుము పట్టేయని సీటు ముఖ్యం. కొందరికి ఇంజను చప్పుడు వినపడకపోవడమే సుఖం. తాడ్వాయి మలుపుల్లో తేలికైన చిన్న కారు 60 వేగంతో ఇచ్చే హుషారును, బరువైన పెద్ద బండి 100 వేగంతోనూ ఇవ్వకపోవచ్చు. మీకు బాగా నచ్చిన ప్రయాణం ఒకటి గుర్తు చేసుకుని, ఆ రోజు కారులో ఏ గుణం మిమ్మల్ని సంతోషపెట్టిందో రెండు వాక్యాల్లో రాయండి. ఆ రెండు వాక్యాలూ షోరూముకు వెంట తీసుకుపోవలసినవి.

ఐదో పని: ఇంజనూ గేరుబాక్సూ ఎంచుకోండి

నెలకు 1,500 కిలోమీటర్లు దాటి, అందులో ఎక్కువ భాగం ఊరి బయటే తిరిగేవారికి డీజిల్ ఇప్పటికీ మంచి రాజీ మార్గం. పికప్ ఉంటుంది, మైలేజీ కూడా ఉంటుంది. హ్యుందాయ్ క్రెటా 1.5 డీజిల్‌లో 250 న్యూటన్ మీటర్లు, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ డీజిల్‌లో 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది. లీటరు 95 రూపాయల డీజిల్‌తో 18 ఇచ్చే కారుకు కిలోమీటరుకు 5.28 రూపాయలు పడితే, 14 ఇచ్చే టర్బో పెట్రోలుకు 7.64 రూపాయలు పడుతుంది. డీజిల్ కారుకు లక్షన్నర ఎక్కువ పెట్టామనుకుంటే, అది తిరిగి రావడానికి దాదాపు 63,500 కిలోమీటర్లు తిరగాలి. నర్సంపేట ప్రయాణానికి అది మూడేళ్ల లోపు మాట. నయీంనగర్ దుకాణానికి పదిహేనేళ్ల మాట. పైగా రోజూ మూడు నాలుగు కిలోమీటర్లే తిరిగే డీజిల్ కారులో పొగలోని మసిని పట్టే ఫిల్టరు తనను తాను శుభ్రం చేసుకునే వేడి అందక మూసుకుపోతుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చినప్పటి నుంచి డీజిల్ కార్లలో ఈ ఫిల్టరు ఉంటోంది కనుక, ఊరు దాటని వారు డీజిల్ జోలికి పోవద్దని నేను గట్టిగా చెబుతాను.

పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కార్ల సొగసంతా ఊరి ట్రాఫిక్‌లోనే. టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లకు 27.97 మైలేజీ ప్రకటించారు. జామ్‌లో పాకుతున్నప్పుడు ఎక్కువసేపు ఇంజను ఆగిపోయి మోటారు మీదే చప్పుడు లేకుండా కదులుతాయి. మరి ఉత్సాహంగా తొక్కితే ఇంజను గట్టిగా మూలుగుతుంది, ఆ ధ్వని నాకు నచ్చదు. మామూలు పెట్రోలు కంటే రెండున్నర లక్షలు ఎక్కువ పెట్టి, 14కు బదులు 21 మైలేజీ పొందారనుకుంటే, ఏడాదికి 12,000 కిలోమీటర్లకు అది ఎనిమిదేళ్లకు గాని రాబట్టుకోలేరు. 24,000 అయితే నాలుగేళ్లు చాలు.

హైదరాబాద్ రోడ్డు మీద తరచుగా తిరిగే, నడపడమంటే ప్రాణమైన వారికి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాల 1.5 లీటర్ల టర్బో ఇంజను చూడదగినది. 150 పీఎస్ శక్తి ఉంది. నిలకడగా వెళ్తున్నప్పుడు నాలుగు సిలిండర్లలో రెండింటిని ఆపి ఇంధనం మిగిలిస్తుంది. కాని పన్ను సంగతి మరవకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుతో, 1,200 సీసీ లోపు పెట్రోలు లేదా 1,500 సీసీ లోపు డీజిల్ ఇంజను ఉన్న కార్లకు జీఎస్టీ 18 శాతం; ఈ కొలతలు దాటితే 40 శాతం. ఆపైన మన రాష్ట్రంలో కారు ధర పది లక్షలు దాటితే జీవితకాల పన్ను శాతం కూడా పెరుగుతుంది. అందువల్ల నాలుగు మీటర్ల లోపు చిన్న టర్బో కార్లే ఈ రోజు ఆనందానికీ ఖర్చుకీ కుదిరిన జోడీ అని నా నమ్మకం.

ఎలక్ట్రిక్ కార్లలో పికప్‌కు కొదవ లేదు, జీఎస్టీ 5 శాతమే. సొంత ఇల్లూ, పార్కింగు చోట చార్జింగు పాయింటూ ఉంటే తప్పక నడిపి చూడండి. సీఎన్‌జీ చవకే గాని శక్తి కొంత తగ్గుతుంది, చాలా కార్లలో గ్యాస్ సిలిండరుతో డిక్కీ నిండిపోతుంది. ఆనందం కోరేవారికి నేను సూచించను.

గేరుబాక్సు విషయంలో ఒక్క హెచ్చరిక. ఏఎంటీ, అంటే మాన్యువల్ గేర్లనే యంత్రం తనంతట తాను మార్చే రకం, మైలేజీ బాగా ఇస్తుంది, ధరా తక్కువే; కాని గేరు మారేటప్పుడు ఒక క్షణం లాగడం ఆగి తల ముందుకు ఊగుతుంది. ఓవర్‌టేక్ మధ్యలో ఆ విరామం ఎంతమాత్రం మంచిది కాదు. రెండు వరుసల రోడ్లే ఎక్కువైతే మాన్యువల్ గాని, టార్క్ కన్వర్టర్ రకం ఆటోమేటిక్ గాని తీసుకోండి.

ఆరో పని: టెస్ట్ డ్రైవ్ మీ రోడ్డు మీద చేయండి

షోరూము చుట్టూ ఒక రౌండు తిప్పి తెస్తే అది టెస్ట్ డ్రైవ్ అనిపించుకోదు. ఆదివారం ఉదయం ఖాళీ రోడ్డు మీద ఏ కారైనా బాగానే ఉంటుంది. సాయంత్రం ఆరు తరువాత అడగండి. మీరు కొనబోయే ఇంజనూ గేరుబాక్సూ ఉన్న కారే కావాలని ముందురోజే చెప్పండి, ఎందుకంటే చాలా చోట్ల ఖరీదైన మోడలును చేతికిచ్చి చవకది అమ్ముతారు. ఇంట్లో అందరినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, ముందు కాజీపేట బ్రిడ్జి వంటి ఇరుకులో పాకించండి; ఎడమ కాలికి క్లచ్ ఎంత బరువుగా ఉందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. తరువాత బైపాస్ మీదికి తీసుకెళ్లి, మూడో గేరులో 40 వేగం నుంచి 80కి తొక్కి చూడండి. ఒక స్పీడ్ బ్రేకరు మీదుగా నిదానంగా, ఒక గుంతల రోడ్డు మీదుగా 40 వేగంతో నడపండి. మన పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోసే కాలంలో హఠాత్తుగా పక్కకు తిప్పవలసి వస్తుంది, రాత్రిపూట వెనుక లైట్లు లేని ట్రాక్టరు ఎదురవుతుంది. కాబట్టి బ్రేకు ఎంత నమ్మకంగా పడుతుందో కూడా ఖాళీ చోటు చూసి పరీక్షించండి.

దిగిన వెంటనే వెనుక సీట్లోని వాళ్లను అడగండి. మీకు హుషారుగా అనిపించిన గట్టి సస్పెన్షన్ మీ అమ్మగారి నడుముకు కష్టం కావచ్చు. నాన్నగారు “బిడ్డా, మైలేజీ సంగతి అడిగినవా?” అంటే, మూడో పనిలో వేసిన నెలవారీ లెక్క కాగితం చేతిలో పెట్టండి. వాదన అక్కడ చాలా వరకు చల్లబడుతుంది, ఎందుకంటే లీటరుకు ఎంత అన్న గొడవ పోయి, నెలకు ఇన్ని వందలు ఎక్కువ పెట్టడం మన ఇంటికి సమ్మతమా అన్న మాట మిగులుతుంది.

ఏడో పని: తేల్చుకోండి, కొన్నాక సరిచూసుకోండి

చివరకు రెండు కార్లే మిగిలేలా చూడండి. రెండింటి ఆన్‌రోడ్ ధర (పన్ను, బీమా కలిపిన ధర) తేడానూ ఐదేళ్ల ఇంధన ఖర్చు తేడానూ కలిపి అరవై నెలలతో భాగించండి. వచ్చిన అంకె పక్కన నాలుగో పనిలో రాసుకున్న రెండు వాక్యాలు పెట్టి, ఖరీదైన కారు ఆ వాక్యాలను నిజంగా తీరుస్తోందా చూడండి. తీరుస్తూ, ఆ నెలవారీ మొత్తం వాయిదాలకూ పిల్లల ఫీజులకూ అడ్డు రాకపోతే నిస్సంకోచంగా దాన్నే తీసుకోండి. తీర్చకపోతే తక్కువ తాగే కారు కొనండి, మిగిలిన డబ్బులో కొంత మంచి టైర్ల మీద పెట్టండి. పట్టు బాగున్న టైర్లు మామూలు కారును కూడా నడపబుద్ధి అయ్యేలా చేస్తాయి.

కొత్త కారు మొదటి వేయి కిలోమీటర్లలో తక్కువ మైలేజీ ఇస్తే కంగారు పడవద్దు, ఇంజను సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. మొదటి సర్వీసు అయ్యాక, తలుపు అంచున స్టిక్కరు మీద రాసిన ప్రకారం టైర్లలో గాలి నింపించి, ఫుల్ ట్యాంక్ లెక్క చేయండి. మీరు అనుకున్న అంకెకు పదో వంతులోపు తేడా ఉంటే అంతా సవ్యంగానే ఉన్నట్టు. అంతకంటే ఎక్కువ ఉంటే, వారం పాటు 80 వేగం దాటకుండా నడిపి మళ్లీ కొలవండి. అప్పుడూ అంకె పెరగకపోతే ఆ రెండుసార్ల బంకు బిల్లులూ తీసుకుని సర్వీసు సెంటరుకు వెళ్లండి.